నలభై సెకన్లు

ఆదివారం పొద్దున ఎనిమిది గంటలకు యామిని పేపరుకు తొమ్మిది మార్కులు వేశాను. పదికి తొమ్మిది. నా చేతి నుంచి తొమ్మిది రాలడమంటే మామూలు సంగతి కాదు. సుకన్య మేడం దగ్గర ఆరు వస్తే ఇంటికెళ్లి పాయసం వండుకోవచ్చని పిల్లలు అనుకుంటారట. అనుకోనీండి. నర్సు చదువులో అయ్యో పాపం అని మార్కులు వేస్తే ఆ తర్వాత అయ్యో పాపం అనిపించుకునేది రోగులే.

నేను నంద్యాలలో ఒక నర్సింగ్ కాలేజీలో పోషకాహారం చెప్తాను. పద్నాలుగేళ్లుగా అదే పని. రెండేళ్ల కిందట మా యాజమాన్యం ఆళ్లగడ్డలో ఇంకో కాలేజీ తెరిచింది. పెద్ద బోర్డు పెట్టారు, బస్సు కొన్నారు, పోషకాహారం చెప్పే మనిషిని మాత్రం పెట్టలేదు. "మీరున్నారుగా సుకన్యగారూ, ఆన్‌లైన్‌లో చెప్పేయండి" అన్నారు ప్రిన్సిపాల్ సుందరరాజుగారు. కాఫీ తెచ్చిపెట్టమన్నంత తేలిగ్గా అన్నారు. అప్పటి నుంచి వారానికి రెండు పాఠాలు, మా వంటింట్లో, రాగిపిండి డబ్బాకు ఫోను ఆనించి వీడియో తీసి కాలేజీ యాప్‌లో పెడుతున్నాను. ఆళ్లగడ్డలో అరవై మంది పిల్లలు వాటిని చూసి నోట్సు రాసుకుంటారు. వాళ్ల పేర్లు తెలుసు, రోల్ నంబర్లు తెలుసు, ముఖాలు తెలియవు. క్లాసులో అయితే ఎవరికి అర్థం కాలేదో కళ్లు చూస్తే తెలుస్తుంది. రాగిపిండి డబ్బాను చూస్తే ఏం తెలుస్తుంది?

ఈసారి వాళ్లకు ఇచ్చిన పని ఇది. బీపీ రోగి భోజనం గురించి పాఠం చూశాక, ఇంట్లో బీపీ ఉన్న ఒకరిని ఎంచుకోవాలి. వాళ్లు రోజంతా ఏం తింటున్నారో రాయాలి. పాఠం ప్రకారం భోజనం మార్చి, పది రోజుల తర్వాత ఎలా ఉన్నారో రాయాలి. చాలామంది ఒకరి పేపరు చూసి ఒకరు రాశారు. పన్నెండు మంది ఇళ్లలో ఒకే రోజు ఒకే బెండకాయ కూర వండారంటే ఎవరు నమ్ముతారు? యామిని పేపరు అలా లేదు. వాళ్ల జేజి, అంటే నాయనమ్మ, వాసవాంబ, డెబ్భై ఒక్క ఏళ్లు, ఆమె గురించి రాసింది. పొద్దున బొరుగుల ఉగ్గాని, మధ్యాహ్నం అన్నం, టమేటా పప్పు, పాలకూర, సాయంత్రం అరటిపండు, రోజుకు రెండు గ్లాసుల కొబ్బరినీళ్లు. ఇంట్లో మామూలు ఉప్పు తీసేసి తక్కువ సోడియం ఉప్పు వాడుతున్నామని రాసింది. ఒక్కో ముద్ద లెక్క కూడా గిన్నె కొలతలతో ఉంది. ముచ్చటేసి తొమ్మిది వేసి, తర్వాతి పేపరు తీశాను.

తీశానే గానీ మనసు దాని మీద లేదు. ఏదో చూసీ చూడనట్టు వదిలేశాననిపించింది. మళ్లీ యామిని పేపరు తెరిచాను. 'జబ్బులు' అన్న గడిలో 'బీపీ' అని ఉంది. దాని పక్కనే చిన్న అక్షరాలతో ఇంకో మాట ఉంది. 'కిడ్నీలు సగం కూడా పనిచేయడం లేదని రెండేళ్ల కిందట కర్నూలు డాక్టరు చెప్పారు.'

చివర్లో 'సందేహం' అన్న గడి చదివాను. 'మేడం, భోజనం మార్చి పన్నెండు రోజులైంది. మా జేజి రెండు రోజుల నుంచి కాళ్లలో బలం లేదంటోంది. ప్రొటీన్ తక్కువైందా?'

ప్రొటీన్ కాదు. మామూలు ఉప్పులో సోడియం తగ్గించి, ఆ చోట పొటాషియం కలిపి చేసేదే ఈ తక్కువ సోడియం ఉప్పు. బీపీ మనిషికి మంచిదే. కిడ్నీలు చెడిన మనిషికి ఆ పొటాషియం బయటికి పోదు, రక్తంలోనే నిలిచిపోతుంది. కొబ్బరినీళ్లు, టమేటా, అరటిపండు, పాలకూర, అన్నింట్లోనూ అదే. అది ఎక్కువైతే ముందు కాళ్లు చచ్చుపడతాయి, తర్వాత గుండె తడబడుతుంది, ఆ తర్వాత ఆగిపోతుంది. ఆ పిల్ల నా పాఠం చూసి, ఒక్క మాట పొల్లుపోకుండా, పన్నెండు రోజులుగా వాళ్ల జేజికి విషం పెడుతోంది.

ఆ పాఠంలో నేను కిడ్నీ సంగతి చెప్పాను. చెప్పాను కదా అని నాలో నేనే పైకి అనేశాను. ఆ మాట నోట్లో ఉండగానే గుర్తొచ్చింది. పదిహేను నిమిషాలు దాటిన వీడియోను మా యాప్ తీసుకోదు. ఆ రోజు నా వీడియో నలభై సెకన్లు ఎక్కువైంది. మూడుసార్లు పెట్టాను, మూడుసార్లూ తిప్పికొట్టింది. పొయ్యి మీద పప్పు మాడుతోంది, నాకు ఒళ్లు మండింది. చివర్లో ఉన్న నలభై సెకన్లు కోసేసి పెట్టేశాను. ఆ నలభై సెకన్లలో ఏముందో నాకు తెలుసు. 'కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఇవేవీ పెట్టకూడదు, ఈ ఉప్పు అసలు ముట్టకూడదు' అని ఉంది. కిడ్నీ పాఠం వచ్చే నెల ఉందిగా, అప్పుడు చెప్పొచ్చులే అనుకున్నాను. నేనే అనుకున్నాను. ఇందులో యాప్ తప్పేమీ లేదు.

యామినికి ఫోన్ చేస్తే స్విచాఫ్ అని వచ్చింది. పదకొండుసార్లు చేశాను. ఆళ్లగడ్డ కాలేజీలో ఆఫీసు చూసే తిమోతికి చేస్తే మోగుతోంది గానీ ఎత్తడం లేదు. ఆదివారం, చర్చిలో ఉంటాడు. మిగతా పిల్లల్లో ఎవరు ఆమె ఇంటి దగ్గర ఉంటారో నాకు తెలిస్తే కదా. చీర మార్చుకోవాలని కూడా తోచలేదు, బ్యాగు భుజాన వేసుకొని బస్టాండుకు పరిగెత్తాను.

ఆళ్లగడ్డ బస్సు ఎక్కి కూర్చున్నాక యాప్ తెరిచి ఆ పాఠం తీసేద్దామని చూశాను. ఎంతమంది చూశారన్న అంకె కనిపించింది. నాలుగు వందల పన్నెండు. నేను చెప్పేది అరవై మందికి. మిగతావాళ్లెవరు? పిల్లలు ఇంట్లోవాళ్లకు, చుట్టాలకు, పక్కింటివాళ్లకు పంపించుకున్నారు. మా మేడం ఎంత బాగా చెప్తుందో చూడండని పంపించి ఉంటారు. పాఠం తీసేశాను. కానీ చూసినవాళ్ల బుర్రలోంచి ఎలా తీయాలి?

శిరివెళ్ల దగ్గర రోడ్డు మీద వడ్లు ఆరబోశారు. బస్సు ఒక పక్కగా మెల్లగా పోతోంది. నేను ముందు సీటు కడ్డీ పట్టుకొని డ్రైవరును లోలోపల తిడుతున్నాను. అప్పుడు తిమోతి ఫోన్ చేశాడు.

"మేడం, ప్రార్థనలో ఉంటి. ఇప్పుడే చూసుకున్యా. చెప్పండి."

"యామిని ఇల్లు యాడ తిమోతీ?"

"గురుస్వామి శెట్టి కూతురా? పాత బస్టాండు వెనకాల సందులో కిరాణా అంగడి మేడం. అంగడి వెనకే ఇల్లు. ఏందీ, ఏమైంది?"

"నువ్వు ఇప్పుడు ఆడికి పోగలవా?"

"నేను కోయిలకుంట్లలో ఉండా మేడం. వచ్చేసరికి గంట పడ్తాది."

"వద్దులే. నేనే పోతాండా."

అంగడి దొరికింది. చిన్నదే గానీ నిండుగా ఉంది. ముందర తీగకు ఒక అట్టముక్క వేలాడుతోంది. దాని మీద ఎర్ర ఇంకుతో 'నర్సింగ్ కాలేజీ మేడం చెప్పిన ఉప్పు. బీపీకి మంచిది' అని రాసి ఉంది. చదివాను. చదివి లోపలికి పోయాను. ఆ క్షణంలో నా ధ్యాసంతా ఆ ముసలామె మీదే ఉంది.

గల్లా పెట్టె దగ్గర యాభై దాటిన మనిషి, నుదుట విభూతి, చేతిలో పొట్లాలు కట్టే దారం. నేను యామిని వాళ్ల మేడాన్నని చెప్పగానే ముఖం వెలిగిపోయింది.

"సుకన్య మేడమా. రండి రండి. మీ పాఠాలు అంగట్లో పెట్టుకోని మేమంతా వింటాం. యామినీ, ఎవురొచ్చినారో చూడు."

"ఫోను ఎందుకు ఎత్తడం లేదు?"

"ఆ ఫోను బ్యాటరీ పోయింది మేడం. చార్జింగులో పెట్టుకుంటేనే పని చేస్తాది. పొద్దున్నుంచి లైను పనని కరెంటు తీసేసినారు."

"మీ అమ్మ యాడుండాది?"

"లోపల పండుకోనుండాది. నీరసమంటాంటే కొబ్బరినీళ్లు తాపిస్తాండాం."

లోపల మంచం మీద వాసవాంబ, తల దగ్గర స్టూలు మీద సగం తాగిన గ్లాసు. ఆ పక్కన చేతిలో విసనకర్రతో ఒక సన్నని పిల్ల నిలబడి ఉంది. నా విద్యార్థిని ముఖం మొదటిసారి చూడటం ఇలా జరిగింది. నేను పలకరించకుండా ముసలామె చెయ్యి పట్టుకొని నాడి చూశాను. నిమిషానికి నలభై రెండు. అదీ సరిగ్గా లేదు, నాలుగు కొట్టి ఒకటి ఆగుతోంది.

"జేజీ, కాళ్లు పైకెత్తు."

"యాడెత్తేదమ్మా. నావి కావన్నట్టుండాయి."

గ్లాసు తీసి మోరీలో పారబోశాను. "తొందరగా బండి తీయండి" అన్నాను గురుస్వామితో. ఎందుకని అడగబోయి నా ముఖం చూసి ఆగిపోయాడు. సరుకులు తెచ్చే ఆటోలో పరుపు వేసి, ముసలామెను పడుకోబెట్టుకొని ప్రభుత్వాసుపత్రికి పోయాం. అక్కడి డాక్టరు గుండె పరీక్ష కాగితం చూస్తూనే నరానికి ఇంజెక్షన్ ఇచ్చి, నూట ఎనిమిది బండిలో నంద్యాలకు పంపించాడు. దారంతా నేను ఆమె మణికట్టు వదల్లేదు. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య నా ప్రాణం పోయి వస్తోంది. దేవుడి పేర్లు చాలా తెలుసనుకునేదాన్ని, ఆ గంటలో ఒక్కటీ గుర్తుకు రాలేదు.

నంద్యాల ఆసుపత్రిలో రక్తం పరీక్ష చేస్తే పొటాషియం ఏడు దాటింది. ఐదున్నర దాటితేనే భయపడాలి. మూడు గంటలు లోపల ఏమేమో చేశారు. మేం ముగ్గురం వరండాలో నిలబడే ఉన్నాం. చివరికి డాక్టరు బయటికి వచ్చాడు.

"గండం గడిచింది. ఇంకొక్క రోజు ఆగి ఉంటే మా చేతుల్లో ఉండేది కాదు. కిడ్నీ పేషెంటుకు ఆ ఉప్పు పెట్టమని ఎవరు చెప్పారు మీకు?"

గురుస్వామి కూతురి వైపు చూశాడు. యామిని తలొంచుకుంది.

"నేనే సార్."

"నువ్వేం చదువుతున్నావమ్మా?"

"నర్సింగ్ సార్."

డాక్టరు చేతిలో ఉన్న రిపోర్టు మడిచి ఆ పిల్ల చేతిలో పెట్టాడు. అది చెంప మీద కొట్టినట్టుంది. పోయాడు. నేను పక్కనే ఉన్నాను, రెండడుగుల దూరంలో. నోరు తెరవాల్సింది అప్పుడే. నోరున్న మనిషినని, ప్రిన్సిపాల్‌నైనా కడిగేస్తానని నంద్యాలంతా పేరు పడ్డదాన్ని. ఆ నోరు పెగల్లేదు. ఉద్యోగం గుర్తొచ్చింది, పద్నాలుగేళ్లు గుర్తొచ్చాయి, రేపు పేపర్లో వస్తే ఏమవుతుందో గుర్తొచ్చింది. అన్నీ గుర్తొచ్చాయి గానీ ఆ పిల్ల గుర్తుకు రాలేదు.

"చాలు నీ చదువు" అన్నాడు గురుస్వామి. అరవలేదు, మెల్లగానే అన్నాడు. "సగం విని సగం వినక, మా యమ్మను చంపుతాంటివి కదా. రేపట్నుంచి అంగట్లో కూచో."

"నాలుగు తూర్లు చూసినా నాయనా పాఠం" అంది యామిని. "యాడో వినకుండా పోయినట్లుండా."

అతను నా వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. "మేడం, మీరు రాకుంటే ఈ పొద్దు మా యమ్మ లేదు. మీ రుణం తీర్చుకోలేను" అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు కూడా. నేను "ఎంత మాట" అన్నాను. అంతకంటే నీచమైన మాట నా జన్మలో అనలేదు.

సోమవారం పొద్దున్నే సుందరరాజుగారి గదికి పోయి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన తలుపు వేసి రమ్మన్నారు. విన్నాక కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ముసలామె బతికిందిగా?"

"బతికింది సార్."

"వీడియో తీసేశారుగా?"

"తీసేశాను."

"పిల్లలకు ఒక సవరణ పంపించండి, కిడ్నీ వాళ్లకు ఇది పనికిరాదని. కారణాలేం రాయొద్దు. మీరు కోసేశారని ఎవరికీ చెప్పొద్దు. ముఖ్యంగా రాతలో ఎక్కడా పెట్టొద్దు సుకన్యగారూ. రేపు ఎవరైనా కేసు వేస్తే కాలేజీ పోతుంది. అంతకు ముందే మీరు పోతారు."

సవరణ పంపించాను. అరవై మందిలో యాభై ఏడు మంది 'ఓకే మేడం' అన్నారు. దండం బొమ్మలు పెట్టారు. ఒక్కరు కూడా ఎందుకని అడగలేదు. మరి మిగతా మూడు వందల యాభై మందీ? రాత్రి పడుకుంటే ముఖాలు తెలియని మనుషులు వరసగా కూర్చొని అన్నంలో ఆ ఉప్పు కలుపుకుంటూ కనిపించేవారు. ఇంట్లో ఉప్పు డబ్బా ముట్టుకోలేదు. మూడు రోజులు చప్పిడి కూడే తిన్నాను.

గురువారం తిమోతి ఫోన్ చేశాడు. "మేడం, యామిని వాళ్ల నాయన వచ్చినాడు. టీసీ కావాలంటాండాడు. ఫారం తీస్కపోయినాడు. ఆ పాప బాగా చదువుతాది కదా, మీరొక మాట చెప్తే వింటాడేమో."

నేనొక మాట చెప్తే. ఆ ఒక్క మాట నా దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు. మధ్యాహ్నం క్లాసు వదిలేసి ఆళ్లగడ్డ బస్సెక్కాను. ఎవరికీ చెప్పలేదు.

అంగడి ముందు ఆ అట్టముక్క అలాగే వేలాడుతోంది. ఆదివారం చూశాను దాన్ని. చూసి, మరిచిపోయాను. నాలుగు రోజులుగా ఆ ఉప్పు అమ్ముడవుతూనే ఉందన్నమాట.

యామిని కొట్లో కూర్చొని శనగపప్పు పొట్లాలు కడుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది. గల్లా పెట్టె మీద టీసీ ఫారం, అది ఎగిరిపోకుండా దాని మీద అరకిలో రాయి. వాసవాంబ ముందు రోజే ఇంటికి వచ్చిందట, లోపలి గడప దగ్గర చాప మీద కూర్చుంది.

"కూచోండి మేడం. కాఫీ తెప్పిస్తా" అన్నాడు గురుస్వామి.

"కాఫీ వద్దు. ఇది వినండి మీరిద్దరూ" అన్నాను.

ఫోను తీశాను. నేను కోయక ముందటి వీడియో నా ఫోనులోనే ఉంది. చివరికి జరిపి పెట్టాను. మా వంటిల్లు, నేను, వెనకాల కుక్కరు విజిలు. 'కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఇవేవీ పెట్టకూడదు, ఈ ఉప్పు అసలు ముట్టకూడదు. ఇది మాత్రం గుర్తుపెట్టుకోండమ్మా' అంటున్నాను. నా గొంతు నాకే చేదుగా వినిపించింది.

"ఈ మాట నేను వినలేదే మేడం" అంది యామిని.

"నువ్వు యాడ వింటావు. నేనే కోసేసినా. వీడియో పొడుగైందని కోసేసి మీకు పంపిచ్చినా. నువ్వు నాలుగు తూర్లు కాదు, నలభై తూర్లు చూసినా ఆ మాట నీకు దొరకదు."

ఆ పిల్ల ఏడుస్తుందనుకున్నాను, లేదా నన్ను తిడుతుందనుకున్నాను. రెండూ చేయలేదు. చేతిలో పొట్లం అలాగే పట్టుకొని ఊపిరి వదిలింది. "అయితే నేను వినకుండా పోలా" అంది. "నోట్సంతా ఎతికినా మేడం. నాకు చెవులు సరిగ్గా లేవేమో అనుకున్యా. నర్సు పనికి నేను పనికిరానేమో అనుకున్యా." నాలుగు రోజులు ఆ పిల్ల అలా అనుకుంటూ గడిపింది. నేను పెట్టిన శిక్ష అది.

గురుస్వామి ముఖం మాడిపోయింది.

"ఆదివారం ఆసుపత్రిలో నా పక్కనే నిలబడుకోనుంటిరి కదా మేడం. నా బిడ్డను నేను అంటాంటే వింటాంటిరి. మీకు దండం కూడా పెడితిని."

"అవును. భయమేసింది. ఉద్యోగం పోతాదని గమ్మునున్యా."

"ఇప్పుడు పోదా?"

"పోతాదేమో."

లోపలి నుంచి వాసవాంబ అందుకుంది. "ఆ నాలుగు మాటలు చెప్పేకి నాలుగు దినాలు పట్టిందా అమ్మా నీకు" అంది. కోపంగా కాదు, అడిగినట్టే అడిగింది. నాకు తల తీసేసినట్టయింది.

"నన్ను ఏమన్నా అనండి, పడతాను. టీసీ మాత్రం తీయొద్దు" అన్నాను గురుస్వామితో. "మీ పాప తప్పు లేదు. దాన్ని చదవనీండి."

అతను లేచి, తీగ మీది నుంచి ఆ అట్టముక్క తీసుకొని వచ్చాడు.

"పోయినేడు మా అంగట్లో కందిపప్పుకు ఏదో మందు వాసన పట్టింది మేడం. అప్పటికే సగం మూట అమ్మేసినా. ఎవురెవురు తీస్కపోయినారో నాకు యాడ గుర్తుంటాది? పప్పు చెడిపోయింది, తెచ్చి ఇచ్చేయండని అంగడి ముందర రాసి పెట్టినా. కింద నా పేరు రాసినా. మా అంగడి పద్ధతి అది, మా నాయన కాలం నుంచి." అట్ట వెనక్కి తిప్పి గల్లా పెట్టె మీద పెట్టాడు. "మీ మాట నేను విన్యా, మా పాప వినింది. ఈ ఉప్పు తీస్కపోయినోళ్లు వినలా కదా. మీ పేరు చెప్పి నేను ముప్ఫై, నలభై ప్యాకెట్లు అమ్మినా. రాయండి. కింద మీ పేరు కూడా రాయండి."

రాతలో ఎక్కడా పెట్టొద్దు అన్న సుందరరాజుగారి మాట చెవిలో మోగింది. యామిని గల్లా పెట్టె లోంచి ఎర్ర మార్కరు తీసి, మూత విప్పి నా చేతికి ఇచ్చింది.

రాశాను. 'ఈ ఉప్పు కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు తినకూడదు. తింటే ప్రాణానికే ప్రమాదం. ఈ సంగతి నా పాఠంలో చెప్పకుండా వదిలేశాను. తప్పు నాది.' అక్షరాలు వంకరపోయాయి. బోర్డు మీద పద్నాలుగేళ్లుగా రాస్తున్న చేయి.

సంతకం కోసం కింద చోటు చూసుకుంటుండగా ఒకామె మెట్లెక్కి వచ్చింది. నలభై ఐదు, యాభై మధ్య ఉంటుంది, చేతిలో గోనె సంచి, ఎండలో నడిచి వచ్చిన ముఖం.

"శెట్టీ, ఆ మేడం ఉప్పు రెండు ప్యాకెట్లు ఇయ్యి. బస్సుకు టైమవుతాంది."

గురుస్వామి నా వైపు చూశాడు. నేను యామిని వైపు చూశాను. యామిని గల్లా పెట్టె మీదికి వంగి అడిగింది.

"గోవిందమ్మత్తా, మీ ఇంట్లో ఎవురికన్నా కిడ్నీ జబ్బు ఉండాదా?"

"ఎందుకడుగుతాండావు పాపా? మా ఇంటాయనకే ఉండాది కదా. వారానికి రెండు తూర్లు నంద్యాలకి పోయి రక్తం కడిగిచ్చుకోనొస్తాడు. బీపీ గూడా ఉండాది. అందుకే గదా ఈ ఉప్పు మార్చింది. మా అక్క కూతురు ఫోన్లో మేడం పాఠం చూపిచ్చింది."

"ఎన్నాళ్ల నుంచి తింటాండాడు?" అన్నాను.

"పది దినాలైతాది. ఎవురమ్మా నువ్వు?" ఆమె సంచి కింద పెట్టి మోకాలు రుద్దుకుంది. "పొద్దున్నుంచి మంచం దిగలేదు. కాళ్లు లాగుతాండాయంటాడు. జబ్బు మనిషి గదా, అట్లే ఉంటాదిలే అని కొబ్బరికాయ కొట్టిచ్చి వచ్చినా."

గురుస్వామి అప్పటికే ఆటో తాళం తీశాడు. యామిని టీసీ ఫారం మీది అరకిలో రాయి తీసి పక్కన పెట్టి, చెప్పులు వేసుకొని మెట్టు దిగింది. ఫారం ఎగిరి కింద పడింది. ఎవరూ దాన్ని ఎత్తలేదు.

అట్ట మీద 'సుకన్య' అని రాశాను. ఇంటిపేరు రాయడానికి ఆగలేదు.

"నేనే ఆ మేడాన్ని" అన్నాను గోవిందమ్మతో. "మీ ఇల్లు యాడ?"

"దొర్నిపాడు" అంది ఆమె, ఏమీ అర్థం కాక.

"పద."